పాత ఫొటోలో నీడ తుడిచేస్తే ఇంకేం మిగల్తాది?

సంపాదకులు గారికి నమస్కారం,

మాది చిత్తూరు. మా నాయన ఫొటో స్టూడియో నడిపినాడు, నేనూ చానా ఏండ్లు డార్క్‌రూంలోనే గడిపినా. పోయిన నెల పని మీద ఇక్కడే ఒక ఆఫీసుకు పోతే, గోడ మీద ఎప్పట్నుంచో ఉన్న పెద్దాయన ఫొటో కలర్లో కనిపించింది, కంప్యూటర్లో కొత్తగా చేయించినారంట. ఆ పాత ఫొటో నాకు బాగా గుర్తు, చిన్నప్పుడు నాయన దాని ముందర నిలబెట్టి "వెలుగు ఏ పక్కనుంచి వస్తా ఉందో చెప్పు రా" అని అడిగేవాడు. ఎడమ పక్క కిటికీ, కంట్లో చిన్న తెల్ల చుక్క చూస్తే తెలిసిపోతాది, కుడి బుగ్గ సగం నీడలో, ఆ పక్క చెవి కనపడనే కనపడదు, ఆ నీడ ఉండబట్టే ముక్కు తేలి మనిషి ఎదురుగా కూర్చున్నట్టు ఉండేది. ఇప్పుడు ఆ నీడంతా తుడిచేసి మొహం సున్నం కొట్టిన గోడ మాదిరి చేసినారు.

ఇంకో విచిత్రం, నామంలో నడిమి గీత నల్లగా పెట్టినారు! తిరుపతి పక్కనే ఉండి నామం రంగు తెలీదా సామీ? ఫొటోలు తీసే పాత గాజు ప్లేట్లకు నీలం వెలుగు బాగా పట్టేది, ఎరుపు దాదాపు పట్టేది కాదు, అందుకే నడిమి గీతకు పెట్టే ఎర్రటి శ్రీచూర్ణమైనా కుంకుమ బొట్టైనా నల్లగా పడేది, కంప్యూటర్‌కు అది తెలీదు, చేసినాయనకైనా తెలిసుండాల కదా.

పైగా పక్కన ఖాళీ జాగా కత్తిరించి మొహాన్ని నట్టనడిమికి తెచ్చినారు, చేతికర్ర పోయింది. 1839లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కార్నీలియస్ అనే ఆయన తన ఫొటో తనే తీసుకున్నాడు, బయట వెలుతుర్లో, చేతులు కట్టుకోని, జుట్టు చెదిరి, ఫ్రేములో ఒక పక్కకు జరిగి ఉంటాడు. ఆ జరగడంలోనే ఉంది అందం. మనోళ్ళ చేతికి చిక్కితే దాన్ని కూడా పాస్‌పోర్ట్ ఫొటో చేస్తారు.

రంగులొద్దని కాదు నేననేది. 2022లో జిల్లా విడిపోయినాక చిత్తూరు, తిరుపతికి ఇద్దరు కలెక్టర్లు ఉన్నారు, ఇద్దరూ ఒక ఆర్డరు వేస్తే చాలు, పాత ఫొటో ఏదైనా షాపుకిచ్చే ముందర ఉన్నదున్నట్టు స్కాన్ చేసి పెట్టాల, అసలుది ఎండా చెమ్మా తగలని చోట దాయాల అని.

ఆ ఆఫీసులో అసలు ఫొటో ఏదని అటెండర్ని అడిగితే బీరువా వెనకాల చూపించినాడు. అద్దం లేదు, చెమ్మకు కింది అంచు ఉబ్బిపోయింది. ముందు దాన్ని బయటికి తీయించండి.

ఒక పాఠకుడు, చిత్తూరు