పొట్టేలుకు ప్యాకెట్ కలిపితే సరిపోదు

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం రైతు పేజీలో పొట్టేలుకు విటమిన్లు పెడితే మందలో చూళ్ళు పెరుగుతాయని రాశారు. వారం గడిచినా కోపం తగ్గక ఈ ఉత్తరం రాస్తున్నాను. రాసింది అబద్ధమని అనను. సగమే రాశారు. ఆ మిగతా సగం తెలియక ఒక ఈత దాదాపు మొత్తం పోగొట్టుకున్నవాణ్ణి నేను.

మాకు దొడ్డబళ్ళాపుర వైపు చిన్న మంద ఉంది. రెండేళ్ళ కిందట ఇరవై రెండు గొర్రెల్లో ఆరే ఈనాయి. చూసినవాళ్ళంతా గొర్రెలు గొడ్డువి, అమ్మెయ్యమన్నారు. నేనూ నమ్మి నాలుగింటిని సంతకు తోలాను. పిల్లలు పుట్టకపోతే ముందు ఆడదాన్నే అనడం మనుషుల్లోనే కాదు, మందలోనూ అంతే. పొట్టేలును చూద్దామని ఒక్కరూ అనలేదు. తర్వాత మందుల షాపాయన పొట్టేలుకు పెట్టమని విటమిన్ ప్యాకెట్లు ఇచ్చాడు. గుమ్మానికి వేలాడదీసినవి, ఎండకు వాటి మీది పొట్టేలు బొమ్మ కూడా వెలిసిపోయింది. ఎ, ఇ విటమిన్లు వేడికీ వెలుతురుకీ పాడైపోతాయని అప్పుడు నాకు తెలియదు. మూడు వారాలు తవుడులో కలిపి పెట్టాను, ఏమీ కాలేదు.

చివరికి తెలిసిన రిటైర్డ్ పశువుల డాక్టరు ఒకాయన వచ్చి పొట్టేలు వృషణాలు చేత్తో పట్టి చూసి, నన్నూ పట్టి చూడమన్నారు. బిగువుగా ఉండాల్సినవి మగ్గిపోయిన సపోటాల్లా మెత్తగా ఉన్నాయి. వేసవి అంతా దానికి ఎండు రాగిగడ్డి తప్ప పచ్చాకు పెట్టలేదు, పైగా రేకుల షెడ్డులో కట్టేశాం. విటమిన్ ఎ పచ్చిమేతలోని కెరోటిన్ అనే పదార్థం నుంచి రావాలి, అది అడుగంటితే వీర్యకణాలు పుట్టే పొరే దెబ్బతింటుంది. విటమిన్ ఇ, సెలీనియం అనే ఖనిజం ఆ కణాల పైపొరను కాపాడతాయి. లోటు ఉన్న పశువుకు ఇవి పనిచేస్తాయి, కానీ పొట్టేలులో వీర్యకణం తయారై బయటికి రావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది, మూడు వారాల్లో ఫలితం ఎక్కడి నుంచి వస్తుంది? లోటు లేకపోతే పెట్టినదంతా దండగే. సెలీనియం ఉన్న ఇంజెక్షన్ మోతాదు మించితే గొర్రె ప్రాణమే పోతుంది. మీ వ్యాసంలో మోతాదు మాటే లేదు, డాక్టర్ని అడగండి అన్న ముక్క కూడా లేదు. బి విటమిన్లూ కొనమని రాశారు, వాటిని గొర్రె పొట్టలోని సూక్ష్మజీవులే తయారుచేస్తాయి కదండీ!

బెంగళూరులో లేనిది ఏముంది? ఆడుగోడిలో పశుపోషణ మీద జాతీయ సంస్థ 1995 నుంచి ఉంది. హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఉంది. హెసరఘట్టలో కేంద్ర ప్రభుత్వ వీర్యకేంద్రం ఉంది. ఆబోతు వీర్యమైతే మైక్రోస్కోపు కింద చూస్తారు, మైనస్ 196 డిగ్రీల్లో గడ్డకట్టించి, మళ్ళీ కరిగించి చూస్తే సగం కణాలైనా కదలకపోతే ఆ బ్యాచ్ పారేయాలన్నది నియమం. ఆ వీర్యం నింపే పావు మిల్లీలీటరు గొట్టంలో రెండు కోట్ల కణాలు ఉండాలని లెక్క. అంత శ్రద్ధలో కొంతైనా గొర్రెలవాళ్ళ పొట్టేలుకు ఎందుకు లేదు? మా దగ్గరి పశువుల ఆసుపత్రికి వెళ్ళి వీర్యం పరీక్ష చేయమంటే, పొట్టేలుకు పరీక్షేంటని నన్ను ఎగాదిగా చూశారు. డాక్టరు ఏ రోజు ఉంటారో చెప్పేవాళ్ళే లేరు, టీకాల శిబిరం రోజు మాత్రం ఫోటోలకు అందరూ వస్తారు. పన్నులు కట్టేవాళ్ళం, ఓట్లు వేసేవాళ్ళం, ఇంతకంటే ఏం అడిగాం?

ఆ డాక్టరు గారు చెప్పినట్టు పొట్టేలును చెట్టు నీడకు మార్చి, అవిశాకు, లూసర్న్ పచ్చిమేత, ఖనిజ లవణాల మిశ్రమం పెట్టి రెండున్నర నెలలు ఆగాం. మరుసటి ఈతలో మిగిలిన పద్దెనిమిదింటిలో పదిహేను ఈనాయి. సంతకు తోలిన ఆ నాలుగూ ఇప్పటికీ గుర్తొస్తాయి.

తొలకరికి గొర్రెలు ఎదకొస్తాయి, పొట్టేలు మేత ఏప్రిల్‌లోనే మొదలుపెట్టాలి. ఆ వ్యాసాన్ని పశువైద్యుడి చేత దిద్దించి, మోతాదులతో సహా, అంతకు ముందే మళ్ళీ వేయండి.

ఒక గొర్రెల పెంపకందారు,
యలహంక, బెంగళూరు