షార్ట్‌హ్యాండ్ సాధన: సభ్యులకు ఈ ఏటి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కూడా మన ఆదివారం తరగతులు గ్రంథాలయం మేడమీది గదిలోనే జరిగాయి. గది ఇచ్చినవారికి కృతజ్ఞతలు. చందాల డబ్బు నోటుపుస్తకాలకు, పెన్సిళ్లకు, టీకి సరిపోయింది. పద్దుల పుస్తకం కోశాధికారి దగ్గరుంది, ఎవరైనా చూడవచ్చు.

చెప్పింది చెప్పినట్టు గీతలతో వేగంగా రాసుకోవడమే షార్ట్‌హ్యాండ్ కాబట్టి, మొదట్లో మన ధ్యాసంతా స్పీడు మీదే ఉండేది. ఒక్క మాట దాన్ని మార్చేసింది. మన సభ్యురాలొకరు వాళ్ల అమ్మమ్మ చెప్పిన సంగతులు షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని, రెండు వారాల తర్వాత తరగతిలో చదివారు. "పుట్టింటి నుంచి తెచ్చుకున్న మాట ఎవరికీ తెలియకుండా దాచుకున్నాను" అని వినగానే అందరి మనసూ కదిలింది. ఇంటికెళ్లి అడిగితే, అమ్మమ్మ దాచుకున్నది మాట కాదట, మూట. నగల మూట!

1837లో ఐజాక్ పిట్‌మన్ ప్రచురించిన పద్ధతిలో ఈ పొరపాటు ఎవరికైనా జరగవచ్చు. మాట, మేట, మూట మూడింటికీ అవే రెండు గీతలు: మకు ఒకటి, టకు ఒకటి. డిక్టేషన్ హడావుడిలో అచ్చుల చుక్కలు, చిన్న గీతలు పెట్టే తీరిక ఉండదు. అందుకే గీత ఉన్న చోటుతో అచ్చును పోల్చుకుంటాం. ట గీత లైనుకు పైన ఉంటే మాట, లైనును ఆనుకుంటే మేట, లైనును కోసుకుంటూ పోతే మూట. ఆమె గీత కొంచెం పైకి జరిగింది, అంతే. మీట కూడా మూట చోటులోనే పడుతుంది కాబట్టి అక్కడ అచ్చు పెట్టి తీరాలి.

అప్పటి నుంచి తరగతిలో సగం సమయం రాసింది చదవడానికే కేటాయించాం. కోర్టులో స్టెనోగా చేసి రిటైరైన మన పెద్దాయన ఎప్పటి నుంచో చెబుతున్నదీ ఇదే. కేంద్ర ప్రభుత్వ స్టెనోగ్రాఫర్ గ్రేడ్ డి పరీక్షలో నిమిషానికి 80 మాటల చొప్పున 10 నిమిషాలు డిక్టేషన్ చెబుతారు. దాన్ని ఇంగ్లీషులో టైపు చేయడానికి 50 నిమిషాలిస్తారు. రాసుకున్నది చదువుకోవడం అంత పని!

తెలుగులో స్పీడు రావడం లేదని కొత్తవాళ్లు టెన్షన్ పడుతున్నారు. "చేయలేకపోయినప్పటికీ" అన్నది మనకు ఒక్క మాట, ఇంగ్లీషులో నాలుగైదు. ఇంగ్లీషు మాటల లెక్కను తెలుగు మాటల లెక్కతో పోల్చుకోకండి.

జెల్ పెన్నులు మాత్రం దయచేసి వద్దు. ప, బ గీతలకు తేడా సన్నం, లావే. మెత్తటి పెన్సిలైతేనే ఆ తేడా తెలుస్తుంది. పెన్నే కావాలనుకుంటే 1888 నాటి గ్రెగ్ పద్ధతి ఉంది, అందులో లావు గీతలుండవు. నేర్చుకుంటామంటే సంతోషమే, కానీ నేర్పేవారు ప్రస్తుతం మనలో లేరు.

అమ్మమ్మ సంగతులు ఇంకా రెండు నోటుపుస్తకాలున్నాయి. ఆవిడ ఉండగానే చదివి వినిపించి, తప్పులు సరిచేయించుకోవాలని కమిటీ నిర్ణయించింది. వచ్చే తరగతికి అందరూ మూడు నెలల కిందట రాసిన మీ పుస్తకం తెచ్చుకోండి, అక్కడి నుంచే మొదలుపెడదాం.

కార్యదర్శి