ఊరవతల పెట్టిన డే కేర్ గురించి సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

ఇది నా ఐదో అర్జీ. మొదటి నాలుగూ పద్ధతి ప్రకారమే ఇచ్చాను, సోమవారం గ్రీవెన్స్‌లో లైన్లో నిలబడి, రసీదులు తీసుకుని. నాలుగింటికీ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, "మీ అర్జీ పరిష్కరించబడింది" అని. ఏం పరిష్కరించారో అర్జీ పెట్టుకున్న నాకు మాత్రం ఇప్పటికీ తెలీదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. మర్యాద ఎక్కడైనా తప్పితే ఏమనుకోకండి.

విషయం మీకు తెలిసిందే. తీవ్రమైన మానసిక జబ్బులున్న వాళ్ల కోసం డే కేర్ సెంటర్. మార్కెట్ మధ్యలో ఖాళీగా ఉన్న మున్సిపల్ భవనంలో పెడతామని మీరే మీటింగులో చెప్పారు. మేమందరం చప్పట్లు కూడా కొట్టాం. ఇప్పుడది బైపాస్ దాటాక గోడౌన్ల వెనక ఉంది. ఎందుకలా మార్చారని అడిగితే ఒక ఆఫీసర్ గారు గొంతు తగ్గించి, "వ్యాపారస్తులు ఒప్పుకోలేదండీ, అలాంటివాళ్లు తిరుగుతుంటే గిరాకీ పోతుందంటున్నారు" అన్నారు. గొంతు తగ్గించినా వినిపిస్తుంది కదండీ, అలాంటివాళ్లలో ఒకడైన మా అన్నయ్య నా పక్క కుర్చీలోనే ఉన్నాడు.

అన్నయ్యకి స్కిజోఫ్రెనియా. రోజూ మాత్రలు, నెలకోసారి ఇంజెక్షన్. ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం చాలావరకు తగ్గింది. మిగిలినవి చేతుల వణుకు, మనుషులతో కలవలేకపోవడం, పొద్దున లేస్తే ఆ రోజంతా ఏం చేయాలో తోచకపోవడం. ఈ చివరిదానికి డాక్టర్ గారి చీటీలో మందేమీ లేదు. అది కుదిరింది మార్కెట్లోనే. ఒక హోల్‌సేల్ షాపాయన నాలుగేళ్లు అన్నయ్యకి పనిచ్చాడు, ఖాళీ అట్టపెట్టెలు విప్పి, చదునుగా నొక్కి, పురికొసతో కట్టలు కట్టే పని. చేయి వణుకుతుంది కాబట్టి ముడి విడిపోతుందేమోనని ఒక్కో కట్టకి మూడు ముళ్లు వేసేవాడు. ఆలస్యమయ్యేది. ఆ పెద్దాయన ఒక్కరోజు కూడా విసుక్కోలేదు, "గట్టిగా ఉంటుందిలే, వెయ్యి" అనేవాడు. షట్టర్లు తీసే టైముకి అన్నయ్య అక్కడ ఉండాల్సిందే, ఒకరోజు రాకపోతే పక్క షాపు కుర్రాళ్లు ఫోన్ చేసి అడిగేవాళ్లు. వ్యాపారులంతా చెడ్డవాళ్లని నేననడం లేదని దీన్నిబట్టి మీకు అర్థమయ్యే ఉంటుంది.

తర్వాత ఆ వరసంతా పడగొట్టి పెద్ద షాపింగ్ కాంప్లెక్స్ కట్టారు. రోడ్డు సుందరీకరణ అని బయట బెంచీలు తీసేశారు, వాటిమీద ఎవరో పడుకుంటున్నారట. టాయిలెట్ లోపల ఉంది, కొనేవాళ్లకి మాత్రమే. అంటే మార్కెట్లో కాసేపు కూర్చోవాలన్నా ఏదో ఒకటి కొనాలి. అన్నయ్య అలవాటు కొద్దీ వెళ్లేవాడు. మొదటిరోజు సెక్యూరిటీ అతను మోచెయ్యి పట్టుకుని "ఎవరు కావాలి?" అని బయటికి నడిపించాడు. ఆ తర్వాత నుంచి అన్నయ్య ఏం చేసేవాడో తెలుసా అండీ, గేటుకి ఇంకా ఇరవై అడుగులుండగానే జేబులోంచి నోటు తీసి, చేతిలో పైకి కనబడేట్టు పట్టుకుని నడిచేవాడు. నేను కూడా కొనేవాడినే అని చెప్పడానికి. ఆ నోటు వణుకుతూ ఉండేది. కొన్నాళ్లకి అదీ మానేశాడు.

డే కేర్ అంటే మేం ఎందుకంత ఆశపడ్డామో మీకిప్పుడైనా తెలియాలి. ఆస్పత్రులు మాకు తెలుసు, మందులు తెచ్చుకోగలం. మళ్లీ షట్టర్లు తీసే టైముకి అన్నయ్య వెళ్లడానికి ఒక చోటు కావాలి, పనిలాంటిదేదో ఉండాలి, దారిలో నలుగురు కనబడాలి. బైపాస్ అవతల ఎవరు కనబడతారు, లారీలు తప్ప? అక్కడికి బస్సు లేదు. ఆటోలో ఒంటరిగా వెళ్లాలంటే అన్నయ్యకి ముందురోజు రాత్రి నుంచే టెన్షన్. నేను వెళ్లి చూసిన మూడుసార్లూ అటెండరు, టీవీ తప్ప అక్కడ ఎవరూ లేరు. రేపు ఎవరూ రావడం లేదని దాన్నీ మూసేస్తారు, మా మీదే నెపం పెడతారు. ఈ మాట ఇప్పుడే రాసి పెడుతున్నాను.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అమల్లోకి వచ్చింది 2018 మే 29న. అందులో 19వ సెక్షన్ మీ అధికారులు చదివే ఉంటారు. ఈ జబ్బున్నవాళ్లకి సమాజంలో భాగంగా బతికే హక్కుంది, వాళ్లని వేరుచేసి పెట్టకూడదు అని అందులో రాసి ఉంది. సమాజంలో భాగం చేయడానికి కట్టిన సెంటర్‌ని సమాజం కంటపడకుండా గోడౌన్ల వెనక పెట్టాలన్న ఆలోచన ఎవరిదో కానీ సన్మానం చేయాల్సిందే. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులని ఉంచిన పాకకి నిప్పంటుకుని 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టేసి ఉన్నారు కాబట్టి పారిపోలేకపోయారు. అప్పుడు దేశమంతా అయ్యో అంది. వాళ్లనీ అందరి నుంచి వేరుచేసే ఉంచారు కదండీ.

గిరాకీ మాటకొస్తే, ప్రపంచంలో సుమారు 300 మందిలో ఒకరికి స్కిజోఫ్రెనియా ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ కాంప్లెక్స్‌లోకి పండగ ముందు రోజుల్లో ఎంతమంది వస్తారో వాళ్లకే తెలుసు. అందులో అన్నయ్యలాంటి వాళ్లు ఉండే ఉంటారు, వాళ్ల అక్కలు, అమ్మలు ఎలాగూ ఉంటారు. ఇన్నాళ్లూ బిల్లు కట్టించుకుంటూనే ఉన్నారు, ఏ వ్యాపారం మునిగింది? ఇటలీలో ట్రియెస్టె అనే ఊళ్లో పిచ్చాసుపత్రి గేట్లు తెరిచి, ఊరి మధ్యలోనే సెంటర్లు పెట్టి, పేషెంట్లతో సహకార సంఘాలు పెట్టించి పనులిప్పించారు. ఆ దేశం 1978లో దానికోసం చట్టమే చేసింది. అంత పెద్దవి నేనడగడం లేదు.

(వికలాంగ సర్టిఫికెట్ గోల ఇంకో ఉత్తరం అవుతుంది. కాస్త బాగున్న రోజున పిలిచి, "బాగానే ఉన్నాడుగా" అని, సర్టిఫికెట్ పనికొచ్చేందుకు కావాల్సిన 40 శాతానికి లోపు వేసి పంపడం, మళ్లీ మొదట్నుంచి తిరగడం. దాన్ని ఇప్పుడు కదపను.)

దయచేసి ఆ సెంటర్‌ని మార్కెట్లోకి తీసుకురండి. మున్సిపల్ భవనం ఇంకా ఖాళీగానే ఉంది, మొన్న వెళ్లి చూశాను, తాళం తుప్పు పట్టింది. అది కుదరదంటే రెండు గదులు చాలు, ఎక్కడైనా జనం మధ్యలో. అదీ కుదరదంటే కనీసం ఆ బెంచీలైనా తిరిగి వేయించండి. మూడో కోరిక రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది, కానీ రాస్తున్నాను.

నాలుగు రసీదులూ నా దగ్గరే ఉన్నాయి. మీ పేషీలో ఎవరికి చూపించాలో చెబితే తెస్తాను, అన్నయ్యని కూడా తీసుకొస్తాను. నెలలో మొదటి సోమవారం మాత్రం వద్దండీ, ఆరోజు అతనికి ఇంజెక్షన్.

ఇట్లు,
ఒక చెల్లెలు