వచ్చి చూసి రాసిన వార్తకే విలువ

సంపాదకులు గారికి నమస్కారం,

మాది భూదాన్ పోచంపల్లి, ఇంట్లో మూడు మగ్గాలున్నాయి, ఆన్‌లైన్ ఆర్డర్లు నేను చూసుకుంటా. పోయినేడు ఒకాయన ఫోన్ చేసి 18 వేలు కట్టండి, 60 వెబ్‌సైట్లలో మీ గురించి వార్త వేయిస్తా అంటే ఆశపడి కట్టేశాం. వేయించాడు, లింకులూ పంపాడు, తెరిచి చూస్తే అన్నిట్లో అదే మ్యాటర్, మేమిచ్చిన ఫొటోనే, కింద సన్న అక్షరాల్లో దీనికీ మా సంపాదక బృందానికీ సంబంధం లేదని. ఒక్క ఫోన్ రాలేదు. డబ్బు తీసుకుని పెట్టే లింకులకి స్పాన్సర్డ్ అనే ట్యాగ్ పెట్టడం గూగుల్ 2019లోనే తెచ్చింది, అలాంటి లింకులతో సెర్చ్‌లో మన సైటుకి ఒరిగేదేం ఉండదని మాకు డబ్బు పోయాక తెలిసింది.

తర్వాత ఒక యూట్యూబ్ ఛానెల్ వాళ్ళొచ్చారు, వీడియోకి 2 లక్షల వ్యూస్. ఫోన్లు బాగానే వచ్చాయి కానీ అందరూ 900కి ఇస్తారా అనే అడిగారు. మరి ఆ వీడియోలో పడుగు, పేక (నిలువు, అడ్డం దారాలు) రెండూ చిటికి కట్టి, అంటే రంగు అంటకుండా అక్కడక్కడ ముడేసి అద్దకం చేసి, నేసే డబుల్ ఇక్కత్ పట్టుచీరకీ, మా డిజైన్ ప్రింట్ కొట్టి అమ్మే చీరకీ తేడా ఏంటో ఒక్క ముక్క చెప్పలేదు. మా ఇక్కత్‌కి జీఐ (ఈ ఊరి సరుకేనని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చి 20 ఏళ్ళు దాటినా మమ్మల్ని ముంచుతున్నది ఈ ప్రింట్ చీరలే కదా, చెప్పాల్సిందే అది.

మీ జిల్లా పేజీ విలేకరి మాత్రం పొద్దంతా మా ఇంట్లోనే కూర్చున్నారు. ఒకప్పుడు ఒక చీరకి ఆసు పోయాలంటే (నేసే ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి చుట్టడం) చెయ్యి దాదాపు 9 వేల సార్లు తిప్పాల్సి వచ్చేదని, మా అమ్మ భుజం నొప్పి అక్కడిదేనని, చింతకింది మల్లేశం గారు కనిపెట్టిన ఆసు యంత్రం వచ్చాక (ఆయనకి 2017లో పద్మశ్రీ కూడా ఇచ్చారు) ఏం మారిందో అన్నీ అడిగి రాశారు, నూలు రేటు మేం చెప్పింది నిజమో కాదో సొసైటీకి పోయి కనుక్కుని మరీ రాశారు. వెబ్‌లో దాన్ని చదివినవాళ్ళు తక్కువే అయ్యుంటారు, అయినా 11 ఆర్డర్లు వచ్చాయి, ఒక్కరు కూడా బేరమాడలేదు, చీరకి 14 వేలు ఎందుకవుతుందో చదివే ఫోన్ చేశారు.

అందుకే అడుగుతున్నా, డబ్బు తీసుకుని వేసేవాటికి ప్రకటన అని హెడ్డింగ్ పక్కనే పెద్దగా పెట్టండి, విలేకరి వెళ్ళి రాసినవాటికి పేరు, తేదీ తప్పకుండా వేయండి, పాతవి తీసేయకండి. ఆ కథనం లింకు మేం కొత్త కస్టమర్లందరికీ పంపేవాళ్ళం, పోయిన నెల నుంచి ఓపెన్ కావట్లేదు. దయచేసి మళ్ళీ పెట్టించండి, మా అమ్మ ఆసు పోస్తున్న ఫొటో కూడా అందులోనే ఉంది.

ఇట్లు,
ఒక చేనేత కుటుంబ సభ్యుడు,
భూదాన్ పోచంపల్లి, యాదాద్రి భువనగిరి జిల్లా