మునీకి, బ్లిట్జ్ గురించి

తిరుపతి,
ఆదివారం రాత్రి

ఒరే మునీ,

ఎట్లుండావు? నువ్వు పంపిన బ్లిట్జ్ గేములన్నీ, అదే ఆ మూడు నిమిషాల చదరంగం ఆటలన్నీ, తీరిగ్గా చూసినాను. "ఎన్ని ఆడినా రేటింగ్ కదలడంలేదు రా" అని బాధపడినావు కదా. ఫోన్లో చెప్తే సగం గాలికి పోతుందని ఉత్తరమే రాస్తా ఉండాను. పొడుగ్గానే ఉంటుంది, టీ పెట్టుకుని కూర్చో.

నీకు ఆట బాగా వచ్చు. ఓడిపోయిన గేములు మాత్రమే వరసగా పెట్టి చూస్తే, అవే రెండు మూడు దెబ్బలు మళ్ళీ మళ్ళీ తింటా ఉండావు. ఓడిన కసితో వెంటనే ఇంకో గేమ్ నొక్కితే అదే దెబ్బ ఇంకోసారి తగులుతుంది. ఆ దెబ్బ ఏదో పట్టుకుని, దాని మీదే కూర్చోవాల.

నీ కారో-కాన్ (నల్లపావులతో ఆట మొదలుపెట్టే ఒక పద్ధతి) గేమే చూడు. నల్లపావులు నీవి. ఈ4 గడిలో బంట్లు మార్చుకున్నాక వాడి గుర్రం అక్కడికి వచ్చింది, నువ్వు ఒక గుర్రాన్ని డీ7లో పెట్టినావు. అంతవరకు బాగుంది. వాడు మంత్రిని ఈ2లో పెట్టినాడు. బిషప్ దారికి తనే అడ్డం పడే ఎత్తు అది, చూడగానే అనుమానం రావాల్సిందే. నువ్వు చేతి అలవాటు కొద్దీ రెండో గుర్రాన్ని ఎఫ్6కి తోసినావు. వాడి గుర్రం డీ6లో దూకింది, ఆరో ఎత్తుకే మేట్, రాజుకు తప్పించుకునే దారే లేదు. ఈ7 బంటుతో దాన్ని కొట్టలేవు, ఎందుకంటే మంత్రి చూపు ఆ బంటు వెనకున్న రాజు మీదే ఉంది. రాజు పక్కకు జరుగుదామంటే చుట్టూ నీ పావులే. దీనికోసం పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు. వాడు ఎత్తు వేసిన ప్రతిసారీ "ఈ పావు ఇప్పుడు దేన్ని చూస్తా ఉంది?" అని అర సెకను అడిగే అలవాటు ఒకటి రావాల.

ఆ అర సెకను ఎక్కడినుంచి వస్తుందంటావా? తిరుమల ఘాట్ రోడ్డులో పాత డ్రైవర్లను చూసినావు కదా, మలుపు కనబడేలోపే చెయ్యి స్టీరింగు మీద తిరుగుతుంది. లెక్కలు వేసుకుని తిప్పేది కాదు అది, చూసి చూసి కళ్ళకు వచ్చింది. బ్లిట్జ్‌లో ఫోర్కు (ఒకే పావుతో రెండింటి మీద దాడి), పిన్ను (వెనకున్న పెద్ద పావు కోసం ముందు పావు కదల్లేకపోవడం), చివరి వరస మేటు (సొంత బంట్ల వెనక రాజు ఇరుక్కోవడం) అట్లనే కంటికి ఆనాల. లిచెస్ అనే చదరంగం సైటులో పజిల్స్‌ను రకాలవారీగా వేరు చేసి పెట్టినారు, పైసా ఖర్చు లేదు. అక్కడే పజిల్ డాష్‌బోర్డు తెరిస్తే ఏ రకంలో నువ్వు వెనకబడినావో అదే చూపిస్తుంది. ఆ ఒక్క రకాన్నే కొన్నాళ్ళు తీసుకో. సులభమైనవే, కానీ చూడగానే తట్టేంతవరకు. అది కుదిరినాక మూడు నిమిషాల పజిల్ స్టార్మ్ ఆడు. ముందే దాని మీద పడితే తడుముకోవడమే అలవాటవుతుంది.

ఇంగ గడియారం సంగతి. గేమ్ అయినాక ఏ ఎత్తుకు ఎంత సేపు పట్టిందో గ్రాఫ్ వస్తుంది, దాన్ని నువ్వు ఎప్పుడూ తెరవలేదని నాకు తెలుసు. నీ టైమంతా పది నుంచి పద్దెనిమిదో ఎత్తు మధ్యలోనే కరిగిపోతా ఉంది. ఓపెనింగ్, అంటే మొదటి కొన్ని ఎత్తులు, అయిపోగానే ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోతా ఉండావు. తెల్లపావులకు ఒకటి, నల్లపావులకు రెండు ఓపెనింగులు చాలు. వాటి తర్వాత బంట్లు ఎటు తొయ్యాల, ఏనుగులు ఏ వరసకు పోవాల అనేది నేర్చుకో. అక్కడ మిగిలే అర నిమిషమే చివర్లో నిన్ను కాపాడుతుంది.

చివరి ఆట చూస్తే నాకు కడుపు తరుక్కుపోయింది రా. నీకు మంత్రి ఉంది, వాడికి రాజు ఒక్కడే. తొమ్మిది సెకన్లు చెక్కుల మీద చెక్కులు ఇచ్చి టైము పోగొట్టుకున్నావు. వాడి దగ్గర మేట్ చేసే పావు లేదు కాబట్టి డ్రాతో బయటపడినావు గానీ, గెలవాల్సిన ఆట అది. అసలు చెక్కే అవసరం లేదు. వాడి రాజుకు గుర్రం ఎత్తు దూరంలో మంత్రిని పెట్టు, వాడు ఎటు జరిగితే నువ్వూ అటే జరుపు. మూలకు పోయినాక మాత్రం ఆపెయ్, లేదంటే స్టేల్‌మేట్ (చెక్ లేకుండానే వాడికి ఎత్తు లేక డ్రా) అవుతుంది. అప్పుడు రాజుకు రెండు గడులు వదిలి, నీ రాజును నడిపించుకుని రా. ఎక్కడినుంచి మొదలైనా మంత్రితో పది ఎత్తుల్లో, ఏనుగుతో పదహారు ఎత్తుల్లో మేట్ చెయ్యొచ్చు. గడియారం పెట్టుకుని ఇరవై సెకన్లలో వచ్చేంతవరకు చెయ్యి. అన్నట్టు, ముందే ఎత్తు వేసి పెట్టుకునే ప్రీమూవ్‌కు లిచెస్‌లో టైమే పట్టదు, చెస్ డాట్ కామ్‌లో సెకనులో పదో వంతు పోతుంది. ఒంటరి రాజును తరిమేటప్పుడు ఇది తెలిసుండాల.

నామాట విని 3+0 (మూడు నిమిషాలే, ఏమీ కలవదు) కొన్నాళ్ళు పక్కన పెట్టి 3+2 ఆడు. ప్రపంచ బ్లిట్జ్ పోటీలు జరిగేది కూడా 3+2తోనే. ఎత్తుకు రెండు సెకన్లు కలుస్తా ఉంటే, చేతి వేగంతో కాకుండా ఆటతో గెలుస్తావు. ఒకప్పటి ప్రపంచ ఛాంపియన్ బాబీ ఫిషర్ ఇట్లా టైము కలిపే గడియారానికి పేటెంట్ తీసుకున్నది ఊరికే కాదు. వారంలో ఒకటి రెండు ర్యాపిడ్ గేములు (పది పదిహేను నిమిషాలవి) కూడా ఆడు. మన కోనేరు హంపి 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో మహిళల ప్రపంచ టైటిల్ గెలిచింది ఆ ర్యాపిడ్‌లోనే. ఆలోచించే సందు ఉన్న ఆటలో నేర్చుకున్నదే తర్వాత బ్లిట్జ్‌లో చేతికి వస్తుంది.

రెండు వరసగా ఓడితే ఆ పూటకు ఫోన్ మూసెయ్. ఓడిన రెండింటినీ మరుసటి పొద్దున చూడు, కంప్యూటర్ ఏమంటుందో చూసేముందు నీకేం తోస్తుందో ఒక ముక్క రాసి పెట్టు. ఆ రాసినవి నాకు పంపు, వచ్చే ఆదివారం మాట్లాడుకుందాం. సంక్రాంతికి వస్తావు కదా, బోర్డు మీదే ఆడదాం. అమ్మకు, చెల్లెలికి అడిగినానని చెప్పు.

నీ
చెంగల్రాయుడు