‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని రాయించేది ఎవరు?

సంపాదకుడికి,

అయ్యా,

ఫలానా కంపెనీ ఇన్ని వేల మందిని తీసేసిందని మీ పత్రికలో తరచూ చదువుతున్నాం. తీసేసిన మర్నాటి నుంచి ఆ మనిషికి ఎంత రావాలి, అది ఎక్కడ ఆగిపోతోంది అన్నది మాత్రం పెద్దగా కనిపించదు. ఆ సంగతి రాయడానికి నాకు రెండు అర్హతలు ఉన్నాయి. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో 11 ఏళ్లు పేరోల్ పని, అంటే ఉద్యోగుల జీతాల లెక్కల పని, చేశాను. వెళ్లిపోయేవాళ్ల లెక్కలు, మేం ‘ఫుల్ అండ్ ఫైనల్’ అంటాం, కట్టింది నేనే. సంక్రాంతి సెలవులైన వారంలో నా లెక్క నా పక్క సీటు కుర్రాడు కట్టాడు.

మీటింగ్ రూంలో పది నిమిషాలు కూడా పట్టలేదు. హెచ్ఆర్ అమ్మాయి తల ఎత్తలేదు. పాపం, ఆమె చేతిలో ఏముంది? టేబుల్ మీద నా పేరుతో టైపు చేసిన రాజీనామా లెటరు ఉంది. ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అన్న ముక్క కూడా వాళ్లే రాశారు, తేదీ కూడా వాళ్లే వేశారు. సంతకం పెడితే రెండు నెలల జీతం, రిలీవింగ్ లెటరు (ఉద్యోగం నుంచి విడుదల చేశామని ఇచ్చే కాగితం) వెంటనే ఇస్తామన్నారు. పెట్టకపోతే తర్వాత చూద్దామన్నారు. అలాంటి లెటర్లు ఎన్నో నా చేత్తోనే ఫైల్లో పెట్టాను కాబట్టి ఆ ‘తర్వాత’ ఎలా ఉంటుందో నాకు తెలుసు. సంతకం పెట్టేశాను.

ఆ ఒక్క ముక్కతో ఏం పోతుందో చూడండి. 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చాయి. ఏడాది నిండిన కార్మికుణ్ణి తీసేయాలంటే నెల ముందు నోటీసు ఇవ్వాలి, లేదా ఆ నెల జీతం ఇవ్వాలి. పనిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల జీతం పరిహారం. ఇది పాత చట్టంలోనూ ఉన్నదే. కొత్తగా, వేరే పని నేర్చుకోవడానికని పెట్టిన రీస్కిల్లింగ్ ఫండ్ కింద ఇంకో 15 రోజుల జీతం 45 రోజుల్లో ఖాతాలో పడాలి. నా బేసిక్ 31,200. దాని మీదే లెక్క వేసుకున్నా పరిహారం ఒక్కటే 1,71,600 రూపాయలు. తనంతట తాను మానేసినవాడికి ఇందులో ఒక్క రూపాయి కూడా రాదు. ‘మీరు సీనియర్ ఎగ్జిక్యూటివ్ కదా, కార్మికుడెలా అవుతారు’ అని అడుగుతారు. చట్టం చూసేది చేసే పనిని, విజిటింగ్ కార్డు మీద పేరును కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా హాజరు లెక్కలు కొట్టిన నా పని గుమాస్తా పనే.

మాతో పాటు ఉద్యోగం పోయిన ఒక కుర్రాడిది మూడేళ్ల సర్వీసు. ఐదేళ్లు నిండకుండా పీఎఫ్ మొత్తం తీస్తే పన్ను పడుతుంది. ఉద్యోగి చేతిలో లేని కారణంతో ఉద్యోగం పోతే ఆ పన్ను నుంచి మినహాయింపు ఉంది. కానీ ‘వ్యక్తిగత కారణాలు’ అని సంతకం పెట్టినవాడు అది తన చేతిలో లేని కారణమని ఏం చూపించి ఒప్పిస్తాడు?

అందరికంటే ఎక్కువ నష్టపోయింది మా ఫ్లోర్లో హౌస్‌కీపింగ్ చేసే అక్క. కాంట్రాక్టరు కింద 15,000 జీతం, ఈఎస్ఐకి (చిన్న జీతాల ఉద్యోగుల బీమాకు) నెలనెలా 113 రూపాయలు కోత. ఉద్యోగం పోయిన ఈఎస్ఐ సభ్యులకు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని 2018 నుంచి ఒక పథకం ఉంది. రెండేళ్ల సర్వీసు, సరిపడా చందాలు ఉంటే సగటు జీతంలో సగం, 90 రోజుల దాకా ఇస్తారు. జీవితంలో ఒక్కసారే. ఆమె లెక్కన ఇంచుమించు 22,500. ఆ పథకం పేరు కూడా ఆమె వినలేదు. కాంట్రాక్టరు మనిషి ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడట. ‘అందులో ఏముందక్కా’ అంటే, ‘ఇంగ్లీషులో ఉంది సారూ’ అంది.

ఇక ఆరోగ్య బీమా. మా అమ్మకు 71 ఏళ్లు, షుగర్ ఉంది. కంటి శుక్లాల ఆపరేషన్ ఫిబ్రవరి మొదటి వారంలో అనుకున్నాం. కంపెనీ ఇచ్చిన కార్డు నా చివరి పనిదినం అర్ధరాత్రితో ఆగిపోయింది. ఆ సంగతి ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడ్డాక తెలిసింది. గ్రూప్ పాలసీలో ఉన్నవాళ్లు అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారతామని అడగొచ్చు. వాళ్లు ఒప్పుకుంటే అప్పటిదాకా గడిచిన వెయిటింగ్ పీరియడ్ (కొన్ని జబ్బులకు బీమా వర్తించే ముందు ఆగాల్సిన కాలం) కలిసొస్తుంది. అయితే కార్డు నడుస్తుండగానే అడగాలి. పేరోల్ వాణ్ణయిన నాకే ఆ రోజు ఇది తట్టలేదు. ఇప్పుడు కొత్త పాలసీ తీసుకుంటే షుగర్ లాంటి పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమనొచ్చు. ఆపరేషన్‌కు 38,000 చేతి నుంచి కట్టాం. సొంత పాలసీల మీద జీఎస్‌టీ ఎత్తేశారు, అదొక్కటే ఊరట.

మా పెద్దనాన్న మనవరాలికి టెక్సాస్‌లో ఉద్యోగం పోయింది. హెచ్-1బీ కాబట్టి 60 రోజుల్లో ఏదో ఒకటి చూసుకోవాలి, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. అయినా బీమా ఏ తేదీ దాకా ఉంటుంది, ఆ తర్వాత సొంత డబ్బుతో 18 నెలల దాకా ఎలా కొనసాగించుకోవచ్చు అని ఒక కాగితం మాత్రం ఇంటికి వచ్చింది. అక్కడంతా బాగుందని కాదు, ఆ కాగితం గురించే చెబుతున్నాను.

పీఎఫ్ దగ్గర మన తెలుగువాళ్లకు ఇంటిపేరుతో వచ్చే తంటా వేరే ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, కంపెనీ రికార్డులో ఒక్క అక్షరం. రెండూ కలవకపోతే క్లెయిమ్ వెనక్కి వస్తుంది. దిద్దించుకోవాలంటే చాలామంది మళ్లీ తమను పంపేసిన కంపెనీ దగ్గరికే వెళ్లాల్సి వస్తుంది. ఉద్యోగం ఉండగానే చూసుకోండని పాఠకులకు చెబుతున్నాను. కంపెనీ ఎగ్జిట్ తేదీ (ఉద్యోగం మానిన తేదీ) వేయకపోతే రెండు నెలల తర్వాత మనమే పోర్టల్లో వేసుకోవచ్చు. ఉద్యోగం పోయిన వెంటనే 75 శాతం, మిగతాది ఏడాది తర్వాత తీసుకునేలా పీఎఫ్ చూసే సంస్థ ఈపీఎఫ్‌ఓ ట్రస్టీల బోర్డు 2025 అక్టోబరులో నిర్ణయించింది. వీలుంది కదా అని అంతా ఊడ్చేయకండి. నేను పీఎఫ్ ముట్టుకోలేదు. గ్రాట్యుటీ, అంటే ఏళ్ల సర్వీసుకు కంపెనీ ఇచ్చే మొత్తం, రాజీనామా చేసినా వస్తుంది, అది 1,98,000. అందులోంచి ముందు క్రెడిట్ కార్డు బాకీ కట్టేశాం, మిగిలింది ఇంటి ఈఎంఐకి విడిగా పెట్టాం. పాడేసిన చిట్టీ ఆపడానికి లేదు కాబట్టి మా ఆవిడ పాలవాడి క్యాలెండర్ వెనకాల నెలకింత అని రాసి పెట్టింది. పిల్లాడి ఇంటర్ రెండో విడత ఫీజు దగ్గర మాత్రం ఇంకా ప్రశ్నార్థకమే ఉంది.

నేను కోరేది పెద్దదేం కాదు. మనిషిని తీసేసిన రోజునే ఒక పేజీ ఇవ్వాలని కార్మిక శాఖ ఉత్తర్వు ఇవ్వాలి. తెలుగులో, ఇంగ్లీషులో. చివరి జీతం ఎంత, ఏ రోజు వస్తుంది (చట్టం ప్రకారం రెండు పనిదినాల్లో రావాలి, మాకు 45 రోజులన్నారు), గ్రాట్యుటీ ఎంత, పరిహారం ఎంత, లేకపోతే ఎందుకు లేదు, పీఎఫ్ ఎగ్జిట్ తేదీ, బీమా ఆగే తేదీ. రాజీనామా లెటరు చదువుకోవడానికి, ఎవరినైనా అడగడానికి కనీసం వారం గడువు ఉండాలి. ఒకే రోజు ఒకే ఆఫీసులో నలభై మందికి ఒకేలాంటి వ్యక్తిగత కారణాలు వస్తే లేబర్ అధికారి పిలిచి అడగొద్దా? ఆర్‌టీసీ క్రాస్‌రోడ్స్‌లో కార్మిక శాఖ ఆఫీసు ఉన్న అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో వారానికి ఒక పూట ఈ లెక్కలు చూసిపెట్టే కౌంటర్ పెట్టినా ఆ అక్కలాంటి వాళ్లకు మేలు.

ఆ పేజీ ఎలా ఉండాలో నమూనా ఒకటి నేను తయారు చేసిపెట్టాను. అధికారులు అడిగితే ఇస్తాను. అది తయారు చేయడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది. ఆ సీట్లో ఉన్న 11 ఏళ్లలో ఒక్కరికీ అలాంటి కాగితం ఇవ్వలేదు.

ఇంకా ఉద్యోగం వెతుక్కుంటున్నాను, పేరు వేయొద్దని మనవి.

— ఒక పాఠకుడు, మియాపూర్, హైదరాబాద్