వెనిస్‌లో హోటల్ బుక్ చేయను గానీ...

చిన్నా,

నీ మెసేజ్ చూశాను. ఏప్రిల్‌లో అమ్మానాన్నలతో వస్తాం, వెనిస్‌లో నాలుగు రోజులకి హోటల్ బుక్ చెయ్ అక్కా అన్నావు కదా, చేయను. కోప్పడకుండా ముందు ఇది చదువు.

నేనుండే పాదోవా నుంచి వెనిస్‌కి రైల్లో అరగంట. పొద్దున్నే వెళ్ళి చూసి వచ్చేయొచ్చు, అక్కడే పడుకోనక్కర్లేదు. పదకొండు దాటిందంటే శాన్ మార్కో నుంచి రియాల్టో వంతెన దాకా సందులన్నీ మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి క్యూలైన్‌లా ఉంటాయి, కాకపోతే ఇక్కడ చివర్లో అమ్మవారి దర్శనం ఉండదు. పాత ఊళ్ళో కాపురం ఉండేవాళ్ళు 50 వేల లోపుకి పడిపోయారు, చాలా ఇళ్ళు టూరిస్టు గదులైపోయాయి. రద్దీ రోజుల్లో వచ్చి సాయంత్రానికి పోయేవాళ్ళ దగ్గర 2024 నుంచి 5 యూరోలు వసూలు మొదలెట్టారు, అయినా నా కంటికి జనం తగ్గినట్టే లేదు. నాన్న మోకాళ్ళతో ఆ వంతెనల మెట్లు రోజంతా ఎక్కీ దిగీ... వద్దురా.

మిమ్మల్ని కియోజ్జా తీసుకెళ్తా. వెనిస్ ఉన్న ఉప్పునీటి సరస్సుకే దక్షిణపు కొసన ఉన్న జాలర్ల ఊరు, ఇక్కడి నుంచి బస్సులో గంట. కాలవలు ఉన్నాయి, వంతెనలు ఉన్నాయి, నీళ్ళలో మాత్రం చేపల పడవలే ఎక్కువ. పొద్దున చేపల మార్కెట్‌కి వెళ్ళాలి. ఎర్ర పరదాల కింద బల్లల మీద ఐసు పోసి, సిరా అంటుకుని నల్లబడిన కటిల్‌ఫిష్, ఇంకా కాళ్ళాడిస్తున్న పీతలు. కొనేది ఆ ఊరి ఆడవాళ్ళే, కాబట్టి బేరాలు మన గుంటూరుకి తీసిపోవు. అమ్మ వాసనకి ముక్కు మూసుకుంటుంది, ఆవిడని పక్కనే గంటస్తంభం దగ్గర కూర్చోబెడదాం, అందులో 14వ శతాబ్దం నాటి గడియారం ఉంది.

ఇది ఎలా తెలిసిందంటావా? ఆఫీసులో కాఫీ దగ్గర వీళ్ళని "ఇక్కడ చూడాల్సినవి ఏంటి" అని అడిగితే అందరూ వెనిస్, వెరోనా అనే చెప్పారు. "ఆదివారం మీ ఇంట్లోవాళ్ళు ఎక్కడికి వెళ్తారు" అని అడిగితే అప్పుడు బయటికొచ్చాయి ఈ ఊళ్ళు. రీల్స్‌లో ఒక్కటీ లేదు. నువ్వు మాత్రం కియోజ్జా రీల్ పెట్టావో, తంతా.

అక్కడా అంతే కదా. ఆదివారం వస్తే సగం గుంటూరు సూర్యలంకలో దిగిపోతుంది. ఒకసారి నాన్నని మోటుపల్లి తీసుకెళ్ళు. చీరాల దాటి దక్షిణంగా, చినగంజాం మండలం. ఇప్పుడు చిన్న ఊరు గానీ కాకతీయుల కాలంలో పెద్ద రేవు. అక్కడి వీరభద్రుడి గుడిలో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. అంతకుముందు తుఫానుకి పడవ ఒడ్డుకి కొట్టుకొస్తే అందులో సరుకంతా రాజులు లాగేసుకునేవాళ్ళట. ఈయన మాత్రం సుంకం కట్టండి చాలు, మిగతాది మీదే అని వర్తకులకి మాటిచ్చి రాతి మీద చెక్కించాడు. ఓడ మునిగి ఏడుస్తున్న వాడి సరుకు జోలికి పోకూడదని ఒక రాజుకి అనిపించింది చూడు, నాకు వెనిస్ రాజభవనం కన్నా ఇదే నచ్చింది. పైగా వెనిస్ వాడైన మార్కోపోలో "ముత్ఫిలి" అని రాసుకున్నది ఈ రేవునే అంటారు, అక్కడి నూలుబట్టల సన్నదనాన్ని తెగ మెచ్చుకున్నాడు. ఇక్కడ ఆయన పేరుతో విమానాశ్రయమే ఉంది, మనవాళ్ళు చీరాల దాకా వెళ్ళి బట్టలు కొనుక్కుని వెనక్కి తిరిగొచ్చేస్తారు!

అక్కడ హోటళ్ళు ఉంటాయని ఆశపడకు, చీరాలలోనే తినేసి, నీళ్ళు పట్టుకుని పొద్దున్నే బయల్దేరండి. సముద్రం దగ్గర జనం ఉండరు కాబట్టి లోపలికి దిగకు, ఈత వచ్చినా సరే. వచ్చేటప్పుడు వేటపాలెంలో సారస్వత నికేతనం దగ్గర ఆగండి, 1918లో పెట్టిన గ్రంథాలయం, పాత తెలుగు పత్రికలు చూస్తే నాన్న ఓ పట్టాన బయటికి రాడు. ఆయన చదువుకునేలోగా నువ్వు వెళ్ళి జీడిపప్పు కొను, రెండు కిలోలు నాకు.

అంత దూరం కుదరకపోతే ఊరి పక్కన ఉప్పలపాడు ఉండనే ఉంది, చెరువులో చెట్ల నిండా కొంగలు, గూడబాతులు. బ్రాడీపేటలో పుట్టి పెరిగి కూడా అది చూడనివాళ్ళు మన చుట్టాల్లోనే ఎంతమందో.

టికెట్లు కొనేముందు తేదీలు నాకు చెప్పు. ఏప్రిల్ 25 చుట్టుపక్కల పెట్టకు, ఇటలీ అంతా సెలవు, రైళ్ళలో నిలబడే చోటు కూడా దొరకదు.

అక్క